అండాశయ గడ్డకు ఎంఆర్‌ఐ: తీసే తీరు, చదివే వరుస

అండాశయంలో గడ్డ ఉందని అల్ట్రాసౌండ్‌లో తేలిన ప్రతి మహిళకూ ఎంఆర్‌ఐ అవసరం లేదు. మామూలు నీటితిత్తి, అచ్చమైన రక్తపు తిత్తి, కొవ్వూ వెంట్రుకలూ స్పష్టంగా కనిపించే డెర్మాయిడ్, నీరు నిండి ఉబ్బిన ఫెలోపియన్ నాళం వంటివి అనుభవమున్న వైద్యుడి చేతిలో అల్ట్రాసౌండ్‌తోనే తేలిపోతాయి. కడుపంతా నీరు చేరి, ఒమెంటం (పేగుల మీద కప్పిన కొవ్వు పొర) దళసరెక్కి, వ్యాధి పాకిందని ముందే తెలిసిపోయినప్పుడు కావలసింది సీటీ స్కాన్. ఎంఆర్‌ఐ అక్కరకు వచ్చేది ఈ రెండింటికీ మధ్యన నిలిచిపోయిన గడ్డల విషయంలో, అంటే మంచిదో చెడ్డదో తేల్చలేక అల్ట్రాసౌండ్ రిపోర్టు సందేహంతో ముగిసిన చోట. ఆ సందేహాన్ని అలాగే వదిలేస్తే నష్టం రెండు వైపులా జరుగుతుంది. ప్రమాదం లేని గడ్డ కోసం చిన్న వయసు స్త్రీ అండాశయాన్ని పోగొట్టుకోవచ్చు. క్యాన్సర్ గడ్డను మామూలు తిత్తి అనుకుని లాపరోస్కోపీలో చిట్లగొడితే, లోపలే ఆగి ఉన్న వ్యాధి పొట్టలోకి చిమ్మవచ్చు.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలోని స్కానింగ్ కేంద్రాలలో పనిచేసే యువ రేడియాలజిస్టులనూ ఎంఆర్‌ఐ టెక్నాలజిస్టులనూ, ఆ రిపోర్టుల మీద ఆధారపడే గైనకాలజిస్టులనూ దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని వివరిస్తున్నాను. గడ్డలో కాంట్రాస్ట్‌ను (నరంలోకి ఎక్కించే, చిత్రంలో వెలిగే మందును) పట్టుకునే ఘన కణజాలం ఉందా, ఉంటే అది గర్భాశయ కండరంతో పోల్చినప్పుడు ఎంత వేగంగా పట్టుకుంటోంది అన్నది ఈ పరీక్ష జవాబు చెప్పవలసిన ప్రధాన ప్రశ్న. సీక్వెన్సులను (యంత్రం తీసే చిత్రాల రకాలను) ఎంచుకోవడం, వాటిని వరుసగా చదవడం, రిపోర్టు రాయడం అన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరగాలి.

స్కాన్‌కు ముందు

పరీక్ష సగం చెడేది సిద్ధం చేయడంలోనే. ఖాళీ కడుపుతో రమ్మని మాత్రమే చెబితే కుప్పం నుంచో పుంగనూరు నుంచో తెల్లవారుజామున బస్సెక్కే మహిళ ముందు రోజు రాత్రి నుంచే ఏమీ తినకుండా వస్తుంది, మధుమేహం ఉన్నవారైతే మరీ ఇబ్బంది పడతారు. నాలుగు గంటల ముందు నుంచి తినకుండా ఉంటే సరిపోతుందనీ, మంచినీళ్లు కొద్దిగా తాగవచ్చనీ స్పష్టంగా చెప్పాలి. ఉపవాసం వల్ల పేగుల కదలిక తగ్గుతుంది. అభ్యంతరం లేనివారికి స్కాన్ మొదలయ్యే ముందు హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ 20 మి.గ్రా. నరంలోకి నెమ్మదిగా ఇస్తే చిత్రాలలో మసక ఇంకా తగ్గుతుంది. నీటికాసులలో మూసుకుపోయే కోణం రకం ఉన్నవారికీ, మయస్తీనియా గ్రేవిస్ ఉన్నవారికీ, గుండె మరీ వేగంగా కొట్టుకునేవారికీ ఆ మందు ఇవ్వకూడదు.

మూత్రాశయం విషయంలో తరచూ పొరపాటు జరుగుతుంది. అల్ట్రాసౌండ్‌కు నిండుగా ఉండాలని ఎప్పుడో విన్న అలవాటు కొద్దీ చాలామంది మహిళలు ఎంఆర్‌ఐకి కూడా బిగబట్టుకుని వస్తారు, ఇరవై నిమిషాలు గడిచాక కదలడం మొదలుపెడతారు. ఆ సమయానికే కాంట్రాస్ట్ దశ వస్తుంది. అందువల్ల స్కాన్‌కు అరగంట ముందు మూత్రవిసర్జన చేయించి, మూత్రాశయం ఓ మోస్తరుగా నిండి ఉండేలా చూడాలి.

లోహపు వస్తువుల గురించి అపాయింట్‌మెంట్ ఇచ్చే రోజునే చెప్పడం మర్యాద. తాళిబొట్టు, మెట్టెలు, ముక్కుపుడక, పిన్నీసులు, నడుముకో చేతికో కట్టిన తాయెత్తు, జరీ ఉన్న చీర అన్నీ బయటే ఉండాలి. బంగారం అయస్కాంతానికి అంటుకోకపోయినా వేడెక్కవచ్చు, చిత్రాన్నీ పాడుచేస్తుంది. తాళి తీయమని స్కాన్ గది గుమ్మం దగ్గర హఠాత్తుగా అడిగితే చాలామంది బాధపడతారు. ముందే తెలిస్తే పసుపుకొమ్ము కట్టిన దారంతో వస్తారు, ఆ దారం వల్ల స్కాన్‌కు ఏ అడ్డూ లేదు. కాపర్-టీ ఉన్నంత మాత్రాన పరీక్ష మానుకోనక్కర లేదు కానీ, పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, చెవిలో అమర్చిన పరికరం వంటివి ఉన్నాయేమో విడిగా అడిగి రాసుకోవాలి.

చివరి నెలసరి తేదీ, నెలసరి ఆగిపోయిందా లేదా, పాత ఆపరేషన్లు, రక్తంలో సీఏ-125 (అండాశయ క్యాన్సర్‌లో పెరిగే సూచిక) విలువ, జ్వరం, బరువు తగ్గడం, ఇంట్లో క్షయ చికిత్స తీసుకున్నవారు ఉన్నారా అన్న వివరాలు లేకుండా చిత్రాల ముందు కూర్చోవద్దు. గర్భం ఉందని అనుమానమైతే ముందు దాన్ని తేల్చుకోవాలి, ఎందుకంటే గర్భిణులకు గాడోలినియం (కాంట్రాస్ట్ మందు) ఇవ్వరు. మూత్రపిండాల వడపోత రేటు 30 కంటే తక్కువ ఉన్నవారిలో మందు రకాన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలి.

యంత్రంలో రికార్డు చేసి ఉన్న సూచనలు చాలాచోట్ల ఇంగ్లిషులోనే వినిపిస్తాయి. నగరి, సత్యవేడు, కుప్పం వైపు నుంచి వచ్చేవారిలో తమిళమే ఇంటిభాషగా ఉన్నవారు తక్కువేమీ కాదు. "అమ్మా, ఇప్పుడు నాలుగైదు నిమిషాలు అస్సలు కదలొద్దు, ఊపిరి మామూలుగా తీసుకోండి" అని టెక్నాలజిస్టు మైకులో వారి భాషలో చెప్పడం ఏ ఖరీదైన సాఫ్ట్‌వేర్ కంటే కూడా ఎక్కువ ఫలితమిస్తుంది.

సీక్వెన్సులు

1.5 టెస్లా యంత్రం ఈ పనికి పూర్తిగా సరిపోతుంది. 3 టెస్లాలో స్పష్టత పెరుగుతుంది కానీ, కడుపులో నీరు ఎక్కువగా ఉన్నప్పుడు చిత్రం మధ్యలో నల్లని నీడలు పడవచ్చు. మొదట కొవ్వును అణచకుండా (కొవ్వు వెలుగును తగ్గించకుండా) టీ2 చిత్రాలను (నీరు తెల్లగా వెలిగేవి) నిలువుకోతలోనూ అడ్డుకోతలోనూ తీయాలి, కోత మందం 3 నుంచి 4 మి.మీ. మించకూడదు. పొట్ట గోడ కదలిక లోపలికి ముద్రపడకుండా ముందువైపు శాచురేషన్ పట్టీ (ఆ భాగపు సంకేతాన్ని అణచేది) పెట్టాలి. తరువాత టీ1 చిత్రాలను (కొవ్వు, పాత రక్తం వెలిగేవి) కొవ్వు అణచకుండా ఒకసారి, అణచి ఒకసారి తీయాలి. కొవ్వు చాలా తక్కువగా ఉన్న డెర్మాయిడ్‌ను పట్టుకోవడానికి ఇన్-ఫేజ్, ఔట్-ఆఫ్-ఫేజ్ జత (కొవ్వూ నీరూ కలిసిన చోట తేడా చూపే రెండు చిత్రాలు) ఉంటే ఇంకా మేలు.

డిఫ్యూజన్‌ను (నీటి కణాల కదలికను చూపే చిత్రాన్ని) అడ్డుకోత టీ2తో సమానమైన స్థాయిలో, అదే మందంతో తీయాలి. అలా తీయకపోతే ఒకదానిపై కనిపించిన భాగాన్ని మరొకదానిపై గుర్తించడం కష్టం. బీ-విలువ (డిఫ్యూజన్ సున్నితత్వపు అంకె) 1000 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. బీ-విలువ 500 దగ్గర ఆపేసిన డిఫ్యూజన్‌లో మామూలు నీరు కూడా కొంత వెలుగుతుంది కాబట్టి దానిమీద ఆధారపడి నిర్ణయం తీసుకోలేము.

అసలైన భాగం డైనమిక్ కాంట్రాస్ట్, అంటే మందు ఎక్కుతుండగా వరుసగా చిత్రాలు తీయడం. కొవ్వు అణచిన త్రీడీ టీ1 సీక్వెన్సును గడ్డ ఘన భాగమూ గర్భాశయమూ రెండూ ఒకే చట్రంలో పడేలా అమర్చుకోవాలి. గర్భాశయం చట్రంలో లేకపోతే పోల్చడానికి ఆధారం ఉండదు. మందు ఎక్కించకముందే కనీసం ఒక దశ తీసి, ఆ తరువాత శరీర బరువు కిలోకు 0.1 మిల్లీమోల్ గాడోలినియం సెకనుకు 2 మి.లీ. వేగంతో ఇంజెక్టర్ ద్వారా ఇచ్చి, వెంటనే సెలైన్ పంపాలి. ఒక్కొక్క దశకు 15 సెకన్లు మించకుండా నాలుగైదు నిమిషాల పాటు ఆపకుండా చిత్రాలు తీయాలి. యంత్రానికి అంత వేగం లేకపోతే మందు ఇచ్చిన 30 నుంచి 40 సెకన్ల మధ్య ఒక దశను తప్పకుండా పట్టుకోవాలి, ఎందుకంటే గడ్డా గర్భాశయ కండరమూ వేగంలో విడిపోయేది అప్పుడే. రెండు నిమిషాలు గడిచాక తీసిన చిత్రం ఎంత అందంగా ఉన్నా ఆ తేడాను చూపించదు. ఖర్చు తగ్గుతుందని కాంట్రాస్ట్ లేకుండానే పరీక్ష ముగించమని అడిగేవారు ఉంటారు; సందేహం ఉన్న గడ్డలో అది పొదుపు కాదు, రెండోసారి స్కాన్‌కు దారి.

చదివే వరుస

గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశాన్ని అంకెలో చెప్పే ఓ-ర్యాడ్స్ ఎంఆర్‌ఐ స్కోరు 0 నుంచి 5 వరకు ఉంటుంది. ఐరోపాలోని అనేక కేంద్రాలలో జరిగి 2020లో వెలువడిన అధ్యయనం దీనికి పునాది. స్కోరు 2 అంటే క్యాన్సర్ అవకాశం 0.5 శాతం కంటే తక్కువ, 3 అంటే సుమారు 5 శాతం, 4 అంటే సుమారు 50 శాతం, 5 అంటే సుమారు 90 శాతం. పరీక్ష అసంపూర్తిగా ఉంటే 0, అండాశయాలు మామూలుగా ఉంటే 1. నెలసరి వస్తున్న స్త్రీలో 3 సెం.మీ. లోపు ఫాలికల్ (అండం పెరిగే తిత్తి) గానీ కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక మిగిలే తిత్తి) గానీ ఈ 1 కిందికే వస్తుంది, దానికి వ్యాధి పేరు పెట్టకూడదు. అయితే ఈ స్కోరు హఠాత్తుగా తీవ్రమైన నొప్పితోనో జ్వరంతోనో వచ్చినవారి కోసం తయారైనది కాదు. మెలిపడిన కాడ, వాచిన అండాశయం, కాంట్రాస్ట్ పట్టని కణజాలం కనిపిస్తే స్కోరు వేయడం పక్కనపెట్టి గైనకాలజిస్టుకు వెంటనే ఫోన్ చేయాలి.

మొదట గడ్డ అండాశయానిదేనా అని తేల్చుకోవాలి. అండాశయ సిరను పై నుంచి కిందికి అనుసరిస్తూ రావడం, గడ్డ అంచున ఫాలికల్స్ సాగిపోయి ఉన్నాయేమో చూడటం, అదే వైపు మామూలు అండాశయం విడిగా కనిపిస్తోందా అని వెతకడం ఇందుకు ఉపయోగపడతాయి. గర్భాశయానికీ గడ్డకూ మధ్య మెలికలు తిరిగిన రక్తనాళాలు దాటుతూ కనిపిస్తే అది కాడ ఉన్న ఫైబ్రాయిడ్ అయ్యే అవకాశం ఎక్కువ. ఫైబ్రాయిడ్ అయితే ఈ స్కోరుతో పనే లేదు.

రెండోది లోపలి ద్రవం. టీ1లో వెలుగుతూ, కొవ్వు అణచినప్పుడు ఆరిపోతే అది కొవ్వు, డెర్మాయిడ్. కొవ్వు అణచినా వెలుగు నిలిచి, టీ2లో నీడలా మసకబారితే పాత రక్తం, ఎండోమెట్రియోమా (గర్భాశయ లోపొర వంటి కణజాలం అండాశయంలో పెరిగి ఏర్పడిన తిత్తి). టీ2లో ఆ మసకలో చిన్న నల్లని చుక్కలు కూడా ఉంటే నమ్మకం మరింత పెరుగుతుంది. గదులు గదులుగా ఉండి ఒక్కొక్క గదిలో ద్రవం ఒక్కొక్క రంగులో కనిపిస్తే మ్యూసినస్ (జిగురు ద్రవం నిండిన) కణితిని తలచుకోవాలి. ఘన కణజాలం లేని ఒంటిగది తిత్తిలో ద్రవం మామూలుదైనా ఎండోమెట్రియోమాదైనా స్కోరు 2. నునుపైన గోడ కాంట్రాస్ట్ పట్టుకుంటూ, లోపల ప్రోటీన్ ఎక్కువగా ఉన్న ద్రవమో రక్తమో ఉంటే 3. నునుపైన అడ్డుపొరలతో గదులు గదులుగా ఉన్న తిత్తి కూడా 3 కిందికే వస్తుంది.

మూడోది, అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టవలసినది, ఘన కణజాలం. గట్టిగా కనిపించిన ప్రతిదీ ఘన కణజాలం కాదు. గోడ నుంచి మొలిచిన బొడిపెలు, గోడలో గడ్డలు, ఎగుడుదిగుడుగా దళసరెక్కిన అడ్డుపొరలు, పెద్ద గట్టి భాగాలు, అవి కూడా కాంట్రాస్ట్ పట్టుకుంటేనే, ఈ లెక్కలోకి వస్తాయి. రక్తపు గడ్డ, అడుగున పేరుకున్న మడ్డి, కొవ్వు, నునుపైన గోడ రావు. డెర్మాయిడ్ లోపల కనిపించే రొకిటాన్‌స్కీ ముద్ద కొద్దిగా కాంట్రాస్ట్ పట్టుకున్నా దాన్ని చూసి భయపడనక్కర లేదు. కొవ్వు ఉన్న గడ్డలో కాంట్రాస్ట్ పట్టే ఘన భాగం పెద్ద పరిమాణంలో ఉంటేనే స్కోరు 4కు వెళ్లాలి. ఎండోమెట్రియోమాలో పరిస్థితి కాస్త చిక్కు. ద్రవం ముందే తెల్లగా వెలుగుతుంది కాబట్టి గోడ మీది చిన్న ముద్ద మందు పట్టుకుందో లేదో కంటితో తేలదు. సబ్‌ట్రాక్షన్ చిత్రం (మందు తరువాతి చిత్రం నుంచి ముందుదాన్ని తీసివేసినది) తప్పనిసరి. అయితే రెండు దశల మధ్య రోగి కాస్త కదిలినా సబ్‌ట్రాక్షన్‌లో అంచు వెంట తెల్లని గీత పుడుతుంది. ఆ గీత తిత్తికి ఒక పక్కనే ఉండి, పక్కనున్న పేగుల అంచున కూడా అలాగే కనిపిస్తే అది కదలిక వల్ల వచ్చిందే.

ఘన కణజాలం ఉందని నిర్ధారించుకున్నాక టీ2నూ డిఫ్యూజన్‌నూ పక్కపక్కన పెట్టాలి. ఆ కణజాలమంతా టీ2లోనూ, బీ-విలువ 1000 డిఫ్యూజన్‌లోనూ ఒకేలా నల్లగా ఉంటే ఫైబ్రోమా వంటి పీచు గడ్డ, స్కోరు 2, వక్రరేఖ (కాలంతో వెలుగు ఎలా పెరిగిందో చూపే గీత) అక్కరలేదు. రెండూ నల్లగా ఉండాలన్న నియమాన్ని సడలించకూడదు. కడుపులోని మరో అవయవం నుంచి పాకిన క్రూకెన్‌బర్గ్ గడ్డ కూడా టీ2లో కొంత నల్లగా ఉండవచ్చు, డిఫ్యూజన్‌లో వెలిగి పట్టుబడుతుంది. అలాగని వెలిగిందంతా క్యాన్సర్ కాదు. డెర్మాయిడ్‌లోని కెరాటిన్, చీము, పాత రక్తం అన్నీ వెలుగుతాయి. ఏడీసీ (డిఫ్యూజన్ నుంచి లెక్కగట్టిన) అంకె ఒక్కదాన్ని పట్టుకుని మంచి గడ్డనూ చెడ్డ గడ్డనూ వేరు చేయాలని చూడవద్దు, రెండింటి విలువలూ ఒకదానిపై ఒకటి పడతాయి. నా దృష్టిలో డిఫ్యూజన్‌కు ఉన్న గొప్ప ఉపయోగం పీచు గడ్డలను నిర్దోషులుగా విడుదల చేయడం, పేగుల మధ్య దాగిన చిన్న పొక్కులను వెతికి పెట్టడం.

మిగిలిన ఘన కణజాలానికి వక్రరేఖ గీయాలి. అన్నిటికంటే ముందుగా, అన్నిటికంటే ఎక్కువగా వెలిగిన చోట చిన్న వలయం పెట్టాలి. రెండో వలయాన్ని గర్భాశయ కండరం బయటి భాగంలో, ఫైబ్రాయిడ్‌కూ పెద్ద రక్తనాళాలకూ దూరంగా పెట్టాలి. ఆ వలయం సిర మీద పడితే పోలిక మొత్తం తలకిందులై, చెడ్డ గడ్డ కూడా నెమ్మదైనదిగా కనిపిస్తుంది. గీత భుజమంటూ (మలుపంటూ) లేకుండా నెమ్మదిగా పెరుగుతూ పోతే మొదటి రకం, స్కోరు 3. ఓ మోస్తరుగా ఎక్కి ఒకచోట మలుపు తిరిగి నిలిచిపోతూ, కండరం కంటే నిటారుగా లేకపోతే రెండో రకం, స్కోరు 4. అలిపిరి మెట్లదారిలో మోకాళ్ల పర్వతం ఎక్కుడులా మొదట్లోనే కండరం గీత కంటే నిటారుగా లేస్తే మూడో రకం, స్కోరు 5. వేగమైన డైనమిక్ లేక ఒకే దశ ఉన్నప్పుడు, 30-40 సెకన్ల చిత్రంలో ఘన కణజాలం కండరంతో సమానంగానో తక్కువగానో వెలిగితే 4, ఎక్కువగా వెలిగితే 5. ఈ పద్ధతిలో 3 అనే తీర్పు దొరకదు. అంటే వేగం లేని యంత్రం వల్ల కొందరు మహిళలు అనవసరంగా 4లోకి జారతారు.

మన రాష్ట్రంలో ఇక్కడొక ప్రత్యేకమైన ఇబ్బంది ఎదురవుతుంది. గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపుతున్నాయి, వారిలో చాలామందికి ఆ ఆపరేషన్ నలభై ఏళ్లకు ముందే జరిగి ఉంటుంది. గర్భాశయమే లేనప్పుడు రెండో రకాన్నీ మూడో రకాన్నీ విడదీసే కొలబద్ద ఉండదు. మొదటి రకం మాత్రం గీత ఆకారంతోనే గుర్తించవచ్చు. అటువంటి వారిలో పక్కనున్న తొడ కండరంతో పోల్చి నంబరు వేయడం కంటే, గర్భాశయం లేనందున పోలిక సాధ్యం కాలేదని రాసి, ఘన భాగం ఆకారాన్నీ డిఫ్యూజన్‌నూ వివరించడం నిజాయతీ. నెలసరి ఆగి చాలా ఏళ్లయిన వారిలో గర్భాశయం ఉన్నా దాని కండరం మందును తక్కువగా పట్టుకుంటుందని గుర్తుంచుకోవాలి.

క్షయను మరవవద్దు

ఉదరపొర మీద, ఒమెంటం మీద గడ్డలు గడ్డలుగానో ఎగుడుదిగుడుగానో దళసరి కనిపిస్తే, కడుపులో నీరు ఉన్నా లేకున్నా స్కోరు 5. ఈ నియమాన్ని మన ప్రాంతంలో అమలు చేసేటప్పుడు పక్కనే ఒక వాక్యం చేర్చాలి. పొట్టలో క్షయ కూడా కడుపులో నీరు, దళసరెక్కిన ఒమెంటం, అండాశయం దగ్గర ముద్ద, పెరిగిన సీఏ-125తో అచ్చం అండాశయ క్యాన్సర్‌లాగే వస్తుంది. ఉదరపొర నునుపుగా, అంతటా సమానంగా దళసరెక్కడం, గ్రంథుల నడుమ భాగం కుళ్లి అంచు మాత్రమే వెలగడం, రోగి వయసు తక్కువగా ఉండి సాయంత్రపు జ్వరం ఉండటం క్షయ వైపు మొగ్గే లక్షణాలు, కానీ చిత్రాల మీదనే ఈ రెండింటినీ నమ్మకంగా విడదీయడం సాధ్యం కాదు. కనుక పెద్ద ఆపరేషన్‌కో కీమోథెరపీకో ముందు కడుపులోని నీటిలో ఏడీఏ (క్షయలో పెరిగే ఎంజైమ్) పరీక్ష, కణాల పరీక్ష, ఒమెంటం నుంచి సూదితో ముక్క తీసి పరీక్ష చేయించాలని రిపోర్టులోనే రాయాలి. ఆరు నెలల మందులతో తగ్గే జబ్బుకు అండాశయాలు, గర్భాశయం తీసివేయడం దిద్దుకోలేని నష్టం.

రిపోర్టు

గడ్డ ఏ వైపు, మూడు కొలతలు, గదులు, ద్రవం రకం, ఘన కణజాలం ఉందా లేదా, ఉంటే దాని ఆకారం, పెద్ద ముద్ద కొలత, టీ2లోనూ డిఫ్యూజన్‌లోనూ అది ఎలా ఉంది, వక్రరేఖ రకం, ఉదరపొర, గ్రంథులు, రెండో అండాశయం. ఈ క్రమంలో రాసి చివర స్కోరు వేయాలి. స్కోరుతో పాటు మీకు తోచిన జబ్బు పేరు కూడా రాయండి. 3 అని మాత్రమే రాసిన రిపోర్టును చూసి గైనకాలజిస్టు ఏమీ నిర్ణయించుకోలేరు. చూస్తూ ఉండవచ్చా, అండాశయాన్ని నిలిపి తిత్తిని మాత్రమే తీయవచ్చా అన్నది ఆ పేరు మీద, రోగి వయసు మీద ఆధారపడుతుంది.

4, 5 స్కోర్లు వచ్చినవారిని క్యాన్సర్ శస్త్రచికిత్సలో శిక్షణ ఉన్న గైనకాలజిస్టు దగ్గరికే పంపాలి. తిరుపతి వైపు వారికి స్విమ్స్, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల సహకారంతో వచ్చిన క్యాన్సర్ ఆసుపత్రి అందుబాటులో ఉన్నాయి. చిత్తూరు, పలమనేరు వైపు వారు చాలామంది సరిహద్దు దాటి వేలూరు సీఎంసీకి వెళ్తారు. ఎక్కడికి వెళ్లినా అక్కడి వైద్యులకు ఫిల్ములు మాత్రమే చేరితే వక్రరేఖను మళ్లీ గీసి చూసుకోలేరు, స్కాన్ మళ్లీ తీయవలసి వస్తుంది. అందుకని డైనమిక్ దశలన్నీ, డిఫ్యూజన్ అసలు చిత్రాలు, సబ్‌ట్రాక్షన్ కూడా చేరేలా సీడీ రాయించి, అది తెరుచుకుంటోందో లేదో మరో కంప్యూటర్‌లో ఒకసారి చూసి, ఫిల్ముల కవరులోనే పెట్టి ఇవ్వాలి.